ఏడో పేజీలో నీలం కర్టెన్

ఆ పరిశోధనా సంస్థలో పదకొండింటికి టీ వస్తుంది. పది నలభై అయిదుకు గంట మోగుతుంది. ఈ రెండింటికీ మధ్యనున్న పావుగంటలో అక్కడ పరిశోధన అనేది జరగదు. సూక్ష్మదర్శినుల మీద వంగినవాళ్ళు నడుములు నిటారు చేసుకుంటారు. గాజు గొట్టాలు స్టాండ్లలోకి వెళతాయి. నూట పన్నెండు మంది ఫోన్లు తీసి, ఒకరి పేపర్ల మీద ఒకరు లైకులు కొట్టుకుంటారు. నోటీసు బోర్డు మీద దీని పేరు 'పరస్పర ప్రోత్సాహ సమయం'. ఒంటె పెళ్ళిలో ఒంటె అందాన్ని గాడిదా, గాడిద గొంతును ఒంటే మెచ్చుకున్నట్టు ఉంటుందని సిబ్బంది మాత్రం దీన్ని 'ఒంటెల పెళ్ళి' అంటారు. అంటూనే కొడతారు. ఎందుకంటే ఎవరు కొట్టలేదో కూడా లెక్క ఉంటుంది.

ఆ లెక్క చూపించేది మెట్ల పక్కన గోడంతా ఆక్రమించిన తెర. ఏ పేపరుకు ఎన్ని లైకులు, ఎన్ని షేర్లు, మొత్తం ఎంత సందడి అన్నది నిమిషనిమిషానికీ అందులో మారుతుంది. వారంలో మొదటి స్థానం వచ్చినవారికి ఆవరణలో ఉన్న ఒకే ఒక రేకుల షెడ్డు కింద, డైరెక్టరుగారి కారు పక్కన, బండి పెట్టుకునే హక్కు వస్తుంది. ఎండకు సీటు కాలిపోయి, నిలబడి స్కూటరు నడుపుకుంటూ ఇంటికెళ్ళిన శాస్త్రవేత్తలకు ఆ నీడ విలువ తెలుసు. పేపరు చదివారా అని మాత్రం ఎవరూ ఎవరినీ అడగరు. పెళ్ళి భోజనం చేసి చేతులు కడుక్కుంటున్నవాడిని పట్టుకుని పెళ్ళికూతురి పేరేమిటని అడుగుతామా?

ఈ సంస్థలో లెక్కలమ్మాయిది విచిత్రమైన ఉద్యోగం. ఎవరు ఏం కొలుచుకొచ్చినా ఆ అంకెలకు అర్థం ఉందో లేదో ఆమె చెప్పాలి. చాలాసార్లు లేదనే చెప్పాల్సి వచ్చేది కాబట్టి, ఆమె వరండాలో ఎదురైతే సగం మంది ఫోను చూసుకుంటూ గోడ వైపు జరిగేవారు. ఆమె అదేమీ పట్టించుకునేది కాదు. పెళ్ళయి రెండు నెలల తొమ్మిది రోజులైంది. ప్రపంచమంతా పక్కకు జరిగి తనకే దారి ఇస్తున్నట్టుండేది.

భర్త రెండు వీధుల అవతల కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాడు. కాపురం మేడమీద రెండు గదుల్లో. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు ఒకదానిమీద ఒకటి వాలి ఉండటం చూసి ఆమె ఇప్పటికీ రోజూ ఒకసారి నవ్వుకుంటుంది. పొద్దున్న అతను వీధి మలుపు దాకా వెనక్కి నడుస్తూ చెయ్యి ఊపుతాడు. ఒకసారి అలాగే వెళ్ళి చెత్తడబ్బాను గుద్దుకుని, దానికి సారీ చెప్పాడు. ఆ ఇంట్లో లోటు ఒక్కటే. కిటికీకి కర్టెన్ లేదు. ఎదురింటి పైగదిలో దర్జీ మిషను ఉంది. దర్జీ మంచివాడే, కానీ ప్రతి నాలుగు కుట్లకూ ఒకసారి తలెత్తుతాడు.

ఇంత సంతోషానికీ గడువు నెలాఖరు. ఆరోజుతో ఆమె కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగిస్తే సరే, లేకపోతే చేతిలో ఉన్న ఇంకో ఉద్యోగం ఒక్కటే, అది పెళ్ళికి ముందు పనిచేసిన ఊళ్ళో. రైల్లో తొమ్మిది గంటలు. రెండు బ్రష్‌లు రెండు ఊళ్ళలో రెండు గ్లాసుల్లో పెట్టుకోవాల్సి వస్తుందన్న ఆలోచన రాగానే ఆమె ఆ ఆలోచనను బయటికి నెట్టి తలుపేసేది.

అలాంటి రోజుల్లో డైరెక్టరుగారు పిలిపించారు.

గది చల్లగా ఉంది. ఆయన బల్ల మీద ఒకే ఒక ఫైలు ఉంది, దాని మీద ఆమె పేరుంది. ఆయన దాని సంగతి ఎత్తలేదు. పాలకమండలి అధ్యక్షురాలి సంగతి ఎత్తారు. ఆవిడ జడ్జిగా చేసి రిటైరైన మనిషి, కిందటి సమావేశంలో ఆ తెర వల్ల ప్రయోజనమేమిటని అడిగిందట. సందడి సరే, మీ పేపర్లను తోటి పరిశోధకులు తమ పేపర్లలో ఆధారంగా ఎన్నిసార్లు చూపించారు, అంటే సైటేషన్లు ఎన్ని, ఆ రెండింటికీ సంబంధం ఏమైనా ఉందా అని నిలదీసిందట. వచ్చే సమావేశానికి జవాబు కావాలి.

"నువ్వు నిజం తేల్చాలమ్మా," అన్నారాయన. "నిజమేమిటంటే, సందడి పెరిగితే సైటేషన్లు పెరుగుతాయి. అది తేలిస్తే చాలు."

"ఒకవేళ తేలకపోతే, సార్?"

ఆయన ఫైలును అర అంగుళం పక్కకు జరిపారు. "తేలకపోవడానికి అదేమన్నా రాయా?"

లెక్కలమ్మాయి ఆరేళ్ళ పేపర్లు ముందేసుకుంది. మొత్తం రెండువందల పద్దెనిమిది. ఒక్కోదానికి షేర్లెన్ని, సైటేషన్లెన్ని అని పట్టికలు కట్టి, చుక్కలుగా బొమ్మ గీసింది. చుక్కలు పైకెక్కుతూ వరసగా వస్తే సంబంధం ఉన్నట్టు. ఇవి గుప్పెడు ఆవాలు నేలమీద ఒలకబోసినట్టు వచ్చాయి. పన్నెండు రోజులు తిప్పి తిప్పి చూసినా ఆ రెండు సంఖ్యలూ ఒకే బస్సు ఎక్కిన ముక్కూమొహం తెలియని మనుషుల్లాగే ఉన్నాయి. ఒకడు ఎక్కడ దిగాడో రెండోవాడికి తెలియదు.

అన్నిటికన్నా సందడి చేసిన పేపరు, కుక్క ఆవులిస్తే పక్కనున్న మనిషి కూడా ఆవులిస్తాడా అన్నది. రెండు లక్షల షేర్లు. దాంతో ఆ శాస్త్రవేత్తకు ఆవులింతల డాక్టరని పేరు పడింది, నెలల తరబడి షెడ్డు నీడ దక్కింది. దానికి సైటేషన్లు మూడు, మూడూ ఆయన తర్వాతి పేపర్లలో ఆయనే చేసుకున్నవి. ఇంకో కొసన మట్టి మాస్టారి పేపరు. తడిమట్టి ఎంతసేపట్లో ఆరుతుందో కొలిచే సులువైన పద్ధతి. షేర్లు ఏడు. సైటేషన్లు మూడువందల నలభై. మట్టితో పని ఉన్న ప్రతివాడూ ఆ పద్ధతి వాడుకుంటున్నాడు, వాడుకున్నానని రాస్తున్నాడు. మాస్టారు మాత్రం కింది అంతస్తులో, వెలుతురు రాని గదిలో, మట్టి ఎండబెట్టుకుంటూ కూర్చున్నాడు. ఆయన సైకిలు ఎప్పుడూ ఎండలోనే.

ఆదివారం మధ్యాహ్నం ఆమె ల్యాప్‌టాప్ ముందు దిగాలుగా కూర్చుంటే భర్త సంగతంతా విన్నాడు. అతనికి సహసంబంధాల సంగతి తెలియదు, అద్దాల సంగతి తెలుసు.

"ఒకాయనకి పవరు రెండుందనుకో," అన్నాడు. "రెండంటే ముసలివాణ్ణయిపోయానని బాధపడతాడని నేను ఒకటి రాసిచ్చాననుకో. సంతోషంగా వెళతాడు. మర్నాడు మెట్లమీంచి పడతాడు. మళ్ళీ నా దగ్గరికే వస్తాడు, ఈసారి కర్రతో."

"మనం తొమ్మిది గంటల దూరంలో పడతాం కదా."

"పడితే రైలెక్కి వస్తా. తప్పు అంకె రాసి నువ్వు రోజూ నా పక్కన కూర్చుని మూలిగితే ఎవరు పడతారు?"

ఆ మాటతో ఆమెకు ధైర్యం వచ్చింది. ఏ సంబంధమూ కనపడలేదని ఉన్నదున్నట్టు రాయడం మొదలుపెట్టింది. అతను ఉత్సాహంగా కుర్చీ ఎక్కి కిటికీ కొలిచాడు. ఇంట్లో టేపు లేదు. కళ్ళ మధ్య దూరం కొలిచే ఆరంగుళాల స్కేలుతోనే ఎనిమిదిసార్లు పెట్టి, చివర ఇంకో రెండంగుళాలు కలిపి, పైనుంచి కేకేశాడు. మరిచిపోకుండా ఆమె నాలుగో పట్టిక కింద, చిన్న అక్షరాల వివరణ రాస్తున్నచోటే, గబగబా కొట్టింది: 'కిటికీ 4 అడుగుల 2 అంగుళాలు. రింగులు 14. నీలం. దర్జీకి కనపడనంత మందం.' తర్వాత తుడిచేద్దామనుకుంది. ఈలోగా అతను కుర్చీమీంచి దిగబోయి ఆమె చున్నీలో కాలు ఇరుక్కుని నేలమీద కూలబడ్డాడు, ఆమెకు నవ్వొచ్చింది, నవ్వు ఆగలేదు, దర్జీ తలెత్తే లోపల ఇద్దరూ కిటికీలేని గదిలోకి వెళ్ళిపోయారు. వాక్యం అక్కడే ఉండిపోయింది.

మర్నాడు ఆమె పేపరు ఇచ్చింది. డైరెక్టరుగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశారు. పేరు చూశారు. 'సామాజిక మాధ్యమాల సందడి, సైటేషన్లు: ఆరేళ్ళ పరిశీలన' అని ఉంది. బాగుందన్నారు. రచయితల పేర్లలో తన పేరు మొదట చేర్చి ప్రచారాధికారికి పంపారు. లోపల ఉన్నది తను చెప్పినదే అయివుంటుందని ఆయనకు అనుమానం లేదు. ఇన్నేళ్ళలో ఆ గదిలోకి వచ్చిన కాగితాలన్నీ అలాగే ఉండేవి మరి.

సంస్థ నడిపే పత్రికలోనే అచ్చుకు ఇచ్చారు. అచ్చుకు తగునో కాదో పరిశీలించాల్సింది ఆవులింతల డాక్టరు. ఆయన టీ తాగుతూ 'అద్భుతం, మార్పులు అక్కరలేదు' అని రాసిచ్చాడు. ప్రచారాధికారిని సంస్థలో డప్పుగారంటారు. ఆ డప్పుగారు పేపరు మొదటి పేజీకి ఫొటో తీసి, పైకి దూసుకెళ్ళే ఎర్ర బాణం బొమ్మ తగిలించి, 'మేం ఋజువు చేశాం' అని రాసి సామాజిక మాధ్యమాల్లో పెట్టాడు. ఏమిటన్నది రాయలేదు. చదవలేదు కాబట్టి, ఆ మేరకు అది నిజాయితీయే.

పది నలభై అయిదుకు ఒంటెల పెళ్ళి జరిగింది. నూట పన్నెండు లైకులు పడ్డాయి. మధ్యాహ్నానికి వెయ్యి. షేరు చేసేవాళ్ళకు షేరు చేయడం వల్ల లాభముందన్న కబురుకంటే తీపి కబురు ఏముంటుంది? ఎక్కడెక్కడి ఆచార్యులో 'మేం మొదటినుంచీ చెబుతున్నదే' అంటూ ఎత్తుకున్నారు. మూడో రోజుకు షేర్లు నలభై ఒక్క వేలు. ఆ వారం తెరమీద లెక్కలమ్మాయి పేపరు అన్నిటికన్నా పైకెక్కి కూర్చుంది.

ఆమెకు బండి లేదు. హక్కు వృథా పోకూడదని ఆ శనివారం భర్త తన సైకిలు తెచ్చి షెడ్డు కింద పెట్టాడు. డైరెక్టరుగారి కారు పక్కన, స్టాండు వంకరగా వేసుకుని, నీడలో అది హాయిగా నిలబడింది.

అచ్చయిన ప్రతి చేతికి వచ్చింది అప్పుడే. మురిపెంగా తిరగేస్తూ ఆమె ఏడో పేజీకి వచ్చింది. పట్టిక కింద, చీమ తలకాయలంత అక్షరాల్లో, కిటికీ ఉంది. రింగులున్నాయి. దర్జీ ఉన్నాడు.

పేపరు డైరెక్టరు చెప్పమన్నదానికి వ్యతిరేకం, అది ఒకటి. పైగా అందులో ఇంటి కిటికీ కొలతలు. సమావేశం గురువారం, అదేరోజు ఫైలు మీద సంతకం. ఆమె పరుగున పైకి వెళ్ళింది. డైరెక్టరుగారు ఎవరికో ఫోనులో ఇంటర్వ్యూ ఇస్తూ, పొగడ్తలు తర్వాత విందామన్నట్టు చెయ్యి ఊపారు. అక్కడినుంచి డప్పుగారి దగ్గరికెళ్ళి, పేపర్లో ఉన్నది బాణానికి పూర్తిగా విరుద్ధమని చెప్పింది.

డప్పుగారు నొచ్చుకున్నాడు. "నలభై ఒక్క వేలమంది చదివిందాన్ని పట్టుకుని అలా అంటావేంటమ్మా?"

"ఎవరూ చదవలేదండీ. లెక్క తీశాను. తెరిచి చూసినవి అరవై మూడు. అందులో పంతొమ్మిది మా ఆయనవే."

"ఆయన పంతొమ్మిదిసార్లు చదివాడా?"

"లేదు. నొక్కితే తెరుచుకుంటుందో లేదో చూశాడట."

డప్పుగారు కాసేపు ఆలోచించి, ఆయనలాంటివాళ్ళు సంస్థకు ఇంకో పదిమంది ఉంటే ఎంత బాగుండునన్నాడు.

ఎవరూ చదవలేదంటే భయపడాల్సింది కూడా లేదన్నమాట. ఈ ఆలోచన రాగానే ఆమె గుండె కుదుటపడింది. నవ్వు కూడా వచ్చింది. సరిగ్గా అప్పుడు మట్టి మాస్టారు మెట్లెక్కి వచ్చాడు. ఆయన పైకి రావడం చూసి చాలా రోజులైంది. చేతిలో ఆమె పేపరుంది, అంచుల్లో పెన్సిలు గీతలున్నాయి.

"నాలుగో పట్టికలో నాకు మూడొందల నలభై వేశావు," అన్నాడు. "అందులో రెండు నేనే చేసుకున్నవి. తీసెయ్యి. ఆవులింతలాయనవి కూడా తీసెయ్యి, ఆయనకి సున్నా వస్తుంది. అప్పుడు నీ మాట ఇంకా గట్టిపడుతుంది."

"చదివారా, మాస్టారూ?"

"పేపరు పంపించారుగా. పంపిస్తే చదవొద్దా?" ఆయన ఏడో పేజీ తీశాడు. "ఇంకోటి. నాలుగడుగుల రెండంగుళాల కిటికీకి గుడ్డ రెండింతలు తీసుకోవాలి. పద్నాలుగు రింగులైతే మధ్యలో జారి వేలాడుతుందమ్మా. పద్దెనిమిది వెయ్యి."

సమావేశంలో ఈ సంగతి చెబుతారా అని ఆమె నేలను చూస్తూ అడిగింది.

"అడిగితే చెబుతా. ఇన్నేళ్ళలో నన్నెవరూ ఏమీ అడగలేదు, నువ్వు భయపడకు."

మాస్టారు ఒక్కడే కదా అని సర్దిచెప్పుకుంటూ సాయంత్రం ఆమె భర్త దుకాణానికి వెళ్ళింది. లోపల బల్లముందు ఒక పెద్దాయన కొత్త కళ్ళజోడు పెట్టుకుని, కాగితం దూరంగా పట్టి, బడిపిల్లాడిలా పైకి చదువుతున్నాడు: "రిం...గులు పద్నాలుగు. నీలం. దర్జీకి..."

"ఆ, అంతే. కుదిరింది బాబాయ్‌గారూ," అన్నాడు భర్త.

పెద్దాయన వెళ్ళేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది. తర్వాత, "ఏం చేస్తున్నారండీ మీరు?" అంది. మామూలుగా అతన్ని నువ్వనే అంటుంది. మీరు అందంటే వాన రాబోతున్నట్టు.

అతను అమాయకంగా చెప్పాడు. దగ్గరిచూపు పరీక్షకు వాడే అట్ట వెలిసిపోయింది. దాని బదులు ఆమె పేపరే నెట్‌లోంచి ప్రింటు తీయించి ఇస్తున్నాడు. మొదటి పేజీలో పెద్ద అక్షరాలు, లోపల మామూలువి, ఏడో పేజీలో పట్టిక కింద అన్నిటికన్నా చిన్నవి. అవి చదివారంటే అద్దం కుదిరినట్టే. ఈ వారంలో ఇరవై ఆరుగురు చదివారు.

"ఆ వాక్యం ఏంటో చూశావా అసలు?"

"చూశాగా. అందరూ పుస్తకం మొదట్లో 'నా భర్తకు' అని వేస్తారు, నువ్వు మనిద్దరికే తెలిసేలా వేశావనుకున్నా." అతని చెవులు ఎర్రబడ్డాయి. "మా అక్కకి కూడా ఫొటో తీసి పంపా."

రావలసిన వాన రాలేదు. ఆమె కుర్చీలో కూలబడింది. అలాంటి మనిషిమీద కోపం తెచ్చుకోవడం ఎవరికి సాధ్యం? అతను ఆమెను ఉత్సాహపరచాలని, వచ్చినవాళ్ళు ఎంత శ్రద్ధగా చదువుతున్నారో చెప్పుకొచ్చాడు. నిన్న ఒకావిడైతే అద్దాలు కుదిరాక కూడా లేవలేదు, మొదటినుంచి చివరిదాకా గంటసేపు కూర్చుని చదివింది, కాగితాలు తనకిస్తావా అని అడిగి పట్టుకెళ్ళింది. "మంచి మనిషి. జడ్జిగా చేసిందట."

గురువారం పదకొండింటికి సమావేశం. పొడుగాటి బల్లకు ఒక కొసన అధ్యక్షురాలు, పక్కన డైరెక్టరుగారు, ఆయన మోచేతి కింద లెక్కలమ్మాయి ఫైలు. గోడవారగా శాస్త్రవేత్తలు, అందరికన్నా వెనక మట్టి మాస్టారు. డప్పుగారు ఎర్ర బాణాన్ని గోడంత పెద్దగా చూపించాడు. డైరెక్టరుగారు ఇరవై నిమిషాలు మాట్లాడి, చప్పట్లు కొట్టించుకుని కూర్చున్నారు.

అధ్యక్షురాలు కొత్త కళ్ళజోడు సర్దుకుని, ఈ పేపరు చదివినవాళ్ళు చేతులెత్తమంది. గదిలో ఉన్న చేతులన్నీ లేచాయి. కొందరు రెండూ ఎత్తబోయి ఆగారు.

"మంచిది," అందావిడ. "ఏడో పేజీలో కర్టెన్ రంగేమిటి?"

డైరెక్టరుగారు నవ్వుతూ డప్పుగారి వైపు చూశారు. డప్పుగారు బాణం వైపు చూశాడు. ఇలాంటి ఇబ్బందుల్లో ముందుకొచ్చేది ఆవులింతల డాక్టరే. లేచి గొంతు సవరించుకున్నాడు.

"అది ఒక ఉపమానం అనుకుంటాను, మేడం. సమాచారాన్ని కప్పి ఉంచే తెర అన్నమాట."

"ఏ రంగు ఉపమానం?"

ఆయన కాస్త తటపటాయించి, "పారదర్శకం," అన్నాడు.

అధ్యక్షురాలి చూపు వెనక వరసకు వెళ్ళింది. మట్టి మాస్టారు ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు. ఆయన్ని అడిగింది.

"నీలం," అన్నాడాయన. "రింగులు పద్నాలుగని రాసింది. పద్దెనిమిది కావాలి. పేపర్లో అదొక్కటే తప్పు. నా లెక్కలో ఇంకో రెండు ఎక్కువ పడ్డాయనుకోండి."

ఎవరో కిసుక్కుమన్నారు. అధ్యక్షురాలు నవ్వలేదు. "అమ్మాయ్, నువ్వు చెప్పు. ఈ పేపరు తేల్చింది ఏమిటి?"

ఆమె లేచి నిలబడింది. డైరెక్టరుగారి మోచెయ్యి ఫైలు మీద ఇంకాస్త బరువుగా ఆనింది. బాణం నెత్తిమీద ఎర్రగా వెలుగుతోంది. 'ఒక కోణంలో సంబంధం ఉందనవచ్చు' అని ఒక్క ముక్క అంటే చాలు, రెండు బ్రష్‌లూ ఒక గ్లాసులోనే ఉంటాయి. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అప్పుడామెకు మెట్లమీంచి పడే ముసలాయన గుర్తొచ్చాడు, కర్రతో సహా.

"సంబంధం లేదండీ," అంది. "మా సంస్థ పేపర్లలో సందడికీ సైటేషన్లకీ ఏ సంబంధమూ కనపడలేదు. బాణం నేను గీసింది కాదు. కర్టెన్ మాత్రం నాదే. తుడవడం మర్చిపోయాను."

కూర్చుంది. పనైపోయిందనుకుంది. తొమ్మిది గంటల రైలుకు పై బెర్త్ నయమా, కింది బెర్త్ నయమా అని కూడా ఆలోచించింది. కానీ డైరెక్టరుగారిని ఆమె తక్కువ అంచనా వేసింది. ఆయన రెప్పపాటులో లేచి నిలబడ్డారు.

"అదేనండీ మేం మొదటినుంచీ చెబుతున్నది," అన్నారు. "తన తెర పనికిరాదని తనే ఋజువు చేసుకునే ధైర్యం ఏ సంస్థకుందో చెప్పండి."

ఆ ధైర్యానికి చప్పట్లు మోగాయి. మొదట కొట్టింది ఆవులింతల డాక్టరు. అధ్యక్షురాలు చప్పట్లు ఆగేదాకా ఆగి, ఆ అమ్మాయి కాంట్రాక్టు పొడిగించాలని, నిజం రాసినందుకు పొడిగిస్తున్నామని ఆ ముక్కలతోనే రాయాలని చెప్పింది. తెర తీసేయాలని కూడా చెప్పింది.

ఆఫీసు ఆఫీసే కదా. పొడిగింపు ఫారంలో కారణానికి రెండే గడులున్నాయి, 'తెరపై స్థానం', 'షేర్ల సంఖ్య' అని. నిజం రాయడానికి గడి లేదు. గుమాస్తా వెతికి వెతికి, చివరికి ఒకదాంట్లో 'మొదటి', రెండోదాంట్లో 'నలభై ఒక్క వేలు' అని నింపాడు. అలా, సందడి వల్ల ఒరిగేదేమీ లేదని తేల్చిన మనిషికి, సందడి చేసినందుకు ఏడాది ఉద్యోగం వచ్చింది. ఆమె ఆ కాగితాన్ని మూడుసార్లు చదువుకుని, ఏమీ అనకుండా సంతకం పెట్టింది. ధైర్యమైనా ఒక రోజులో ఒక విడతే వస్తుంది.

తెర సంగతికొస్తే, దాన్ని తీసేయాలన్న తీర్మానాన్ని డప్పుగారు ఫొటో తీసి దానిమీదే పెట్టాడు. లైకులు బ్రహ్మాండంగా వచ్చాయి. ఇంత ఆదరణ ఉన్నప్పుడు తొందరపడటం మంచిది కాదని తీర్మానాన్ని వచ్చే ఏడాదికి వాయిదా వేశారు.

ఆదివారం కర్టెన్ వచ్చింది. కుట్టింది ఎదురింటి దర్జీయే. గుడ్డ తీసుకెళ్ళిన రోజున ఎలాంటిది కావాలో ఆమె నసుగుతూ చెప్పబోతే, ఆయన చెయ్యి అడ్డంపెట్టాడు.

"నాకు కనపడనంత మందం. తెలుసమ్మా," అన్నాడు. "మా ఆవిడ కళ్ళజోడుకి వెళ్ళినప్పుడు చదివింది. రింగులు పద్దెనిమిది వేశాను, పద్నాలుగు చాలవు."

భర్త కుర్చీ ఎక్కి కర్టెన్ తగిలిస్తుంటే ఆమె ఫోను మోగింది. ఆమె పేపరుకు మొదటి సైటేషన్ వచ్చింది. ఆత్రంగా తెరిచింది. ఆవులింతల డాక్టరు ఈసారి పిల్లుల మీద రాశాడు. రెండో వాక్యంలోనే, 'సామాజిక మాధ్యమాల సందడి సైటేషన్లను పెంచుతుందని నిస్సందేహంగా ఋజువైంది' అని, ఆధారంగా ఆమె పేపరు చూపించాడు.

"చదివే రాశాడంటావా?" అన్నాడు భర్త కుర్చీమీంచి.

"చదివితే అలా రాస్తాడా? సమావేశంలో చప్పట్లు మొదట కొట్టింది ఆయనే."

ఆమె ల్యాప్‌టాప్ తీసి పాత బొమ్మలో కొత్త చుక్క పెట్టింది. షేర్లు నలభై ఒక్క వేలు, సైటేషన్లు ఒకటి. చుక్క ఎంతో దూరం జరిగి, కుడివైపు అట్టడుగున, కుక్క ఆవులింత పొరుగున పోయి కూర్చుంది. ఎక్కడ పడుతుందని ఆ పేపర్లో తనే రాసిందో అక్కడే. లెక్క సరిపోయినప్పుడు కలిగే సంతోషం ఆమెకు ఒళ్ళంతా పాకింది.

"చూడు, ఎంత బాగా పడిందో," అని భర్తను పిలిచింది.

అతను దిగివచ్చి, ఆమె భుజంమీద గడ్డం ఆనించి, ఆ ఒంటరి చుక్కను చాలాసేపు మెచ్చుకున్నాడు. నిజంగా బాగుందన్నాడు. వెళ్ళి కర్టెన్ లాగాడు. పద్దెనిమిది రింగులూ వరసగా గలగలమని కదిలి, గది నీలంగా అయింది. ఎదురింట్లో మిషను కాసేపు ఆగి, మళ్ళీ మొదలైంది.